తొమ్మిది లక్షలు వచ్చినా చేతిలో డబ్బు ఆడటం లేదంటే: ఉమ్మడి కుటుంబంలో సొంత పనుల రాబడిని లెక్కేసే పద్ధతి

మీరు అడిగింది ఇదీ. ఆత్రేయపురం దగ్గర పల్లె, పదకొండు మంది ఉమ్మడి కుటుంబం: అమ్మానాన్న, బాబాయి, పిన్ని, మీరు, మీ భార్య, తమ్ముడు, మరదలు, ముగ్గురు చిన్నపిల్లలు. నాలుగెకరాల కౌలు వరి, సొంత కొబ్బరి ఎకరం, రెండు గేదెలు, ఇంట్లో ఆడవాళ్ళు తీసే పూతరేకులు, తమ్ముడు నడిపే ట్రక్కు ఆటో. 2017–18లో మీకింకా పెళ్ళి కాలేదు, తమ్ముడు చదువుకుంటున్నాడు, ఐదుగురు పనిచేస్తే ఆరు లక్షలు వచ్చేవి. 2024–25లో ఎనిమిది మంది పనిచేస్తే తొమ్మిది లక్షలు వచ్చాయి. పెద్ద కుటుంబాలకు సొంత పనుల మీద రాబడి పెరుగుతోందా, తగ్గుతోందా? నెలకు 18,000 ఉద్యోగం వచ్చిందంటున్న తమ్ముణ్ణి హైదరాబాదు పంపాలా? ఇంట్లో ఇంతమంది ఉన్నారు కదా అని రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు తీసుకోవచ్చా?

ముందు సూటిగా చెప్తాను. మీ ఇంటి రాబడి పెద్దగా పెరగలేదు. పనిచేసే మనిషి లెక్కన చూస్తే మూడోవంతు తగ్గింది. తమ్ముణ్ణి పంపండి. చెరువు జోలికి పోకండి. ఎందుకో కింద విడివిడిగా రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి.

2017–18 నుంచి 2024–25కి దేశంలో వినియోగదారుల ధరల సూచీ దాదాపు 43 శాతం పెరిగింది. అంటే అప్పటి ఆరు లక్షలతో గడిచిన సంసారం ఇప్పుడు గడవాలంటే 8 లక్షల 58 వేలు కావాలి. మీకొచ్చింది తొమ్మిది, అంటే పెరుగుదల 42 వేలు. అప్పుడు ఐదుగురు పనిచేస్తే మనిషికి 1,20,000. ఇప్పుడు ఎనిమిది మందికి పంచితే 1,12,500, అదీ ఇప్పటి రూపాయల్లో. దాన్ని అప్పటి రూపాయల్లోకి మార్చితే 79 వేలు కూడా ఉండదు. చేతిలో ఏమీ ఆడటం లేదని మీకు అనిపించడం ఉత్త అనుమానం కాదు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతీ కాదు. కేంద్రం చేసే శ్రామిక సర్వే, పీఎల్ఎఫ్ఎస్ అంటారు, దాని ప్రకారం 2017–18లో దేశంలో పనిచేసేవాళ్ళలో 52.2 శాతం స్వయం ఉపాధిలో ఉన్నారు, 2023–24కి 58.4 శాతం అయ్యారు. పేపర్లో ఇంతవరకే రాస్తారు. అసలు విషయం లోపలి అంకెలో ఉంది. సొంతంగా పని నడిపేవాళ్ళ వాటా 38.6 నుంచి 39కి మాత్రమే కదిలింది. మిగతా పెరుగుదలంతా ఇంటి పనిలో జీతం బత్తెం లేకుండా సాయం చేసేవాళ్ళది, అది 13.6 నుంచి 19.4 అయింది. అంటే కొత్తగా పుట్టిన పని తక్కువ, ఉన్న పనిలోకి చేరిన చేతులు ఎక్కువ. మీ ఇంట్లో జరిగిందీ అదే. 2024–25 ఆర్థిక సర్వేలో ధరల పెరుగుదల తీసేసి చూపించిన లెక్క ప్రకారం, స్వయం ఉపాధిలో ఉన్న మగవాళ్ళ నెల సగటు 2017–18లో 9,454 రూపాయలైతే 2023–24లో 8,591. ఆడవాళ్ళది 4,348 నుంచి 2,950కి పడిపోయింది.

పెద్ద కుటుంబాల విషయంలో ఈ సర్వే అంకెలను ఉన్నవున్నట్టు నమ్మడానికి లేదు. సొంత పనివాళ్ళను గడిచిన 30 రోజుల్లో ఎంత వచ్చిందని అడుగుతారు. మన డెల్టాలో వరి డబ్బు సంక్రాంతి అటూ ఇటూ ఒకసారి, దాళ్వా, అంటే రెండో పంట, మాసూళ్ళయ్యాక ఇంకోసారి వస్తుంది. సెప్టెంబరులో వచ్చి అడిగితే కౌలురైతు ఏం చెప్తాడు? ఇంకోటి, పని అందరూ చేసినా రాబడి మాత్రం ఒక్కరి పేరున పడుతుంది, మిగతావాళ్ళ దగ్గర సున్నా. ఇంటి పెద్ద ఆదాయం ఘనంగా కనిపిస్తుంది, పిన్ని ఆదాయం ఉండదు. అందుకే మీ ఇంటి లెక్క మీరే వేసుకోవాలి.

లెక్క పద్ధతి. ఏ పనికి ఆ పని విడిగా రాయాలి. ఒక్కో పనికి ఐదు గళ్ళు: వచ్చిన డబ్బు, ఇంట్లో వాడుకున్న సరుకు విలువ, చేతి నుంచి పోయిన ఖర్చు, అరుగుదల (బండి, సామాను పాతబడి ఏటా తగ్గే విలువ), ఇంటివాళ్ళు పెట్టిన పనిదినాలు. ఎనిమిది గంటలను ఒక దినంగా పట్టండి. గేదెల దగ్గర రోజుకు మూడు గంటలు పడితే ఏడాదికి 137 దినాలు అవుతుంది, అదేదో ఊరికే అయిపోతున్న పని కాదు. చాలామంది ఈ ఐదో గడి రాయరు. అది లేకపోతే మిగతా నాలుగూ రాసి ప్రయోజనం లేదు.

మీరు ఇచ్చిన తొమ్మిది లక్షల్ని నేను ఇలా విడగొట్టాను: కౌలు బస్తాలు పోను ధాన్యం 3,10,000, కొబ్బరి 66,000, అమ్మిన పాలు 1,24,000, పూతరేకులు 1,60,000, ఆటో 2,40,000. మీరు చెప్పని చోట మన వైపు మామూలుగా ఉండే అంకెలు వేశాను, మీ అసలు అంకెలతో మార్చుకోండి.

వరితో మొదలుపెడదాం. సార్వా, అంటే వానాకాలం పంట, ఎకరానికి 30 బస్తాలు, దాళ్వా 45, మొత్తం 75. కౌలు సార్వాకు 12, దాళ్వాకు 18 పోతే మీకు మిగిలేది 45 బస్తాలు. 2024–25 మద్దతు ధర సాధారణ రకం క్వింటాలు 2,300, అంటే 75 కిలోల బస్తా 1,725. ఎకరానికి 77,600 చిల్లర. దమ్ము, నారు, ఊడ్పుల కూలి, ఎరువులు, పురుగుమందులు, కోత మిషను, రవాణా అన్నీ కలిపి, నీళ్ళు పెట్టడం, గట్లు చెక్కడం, ఎరువు చల్లడం, ఆరబోత ఇంటివాళ్ళే చేసుకుంటే రెండు పంటలకీ 58,000 దాకా. మిగిలేది ఎకరానికి 19,500. నాలుగెకరాలకు 78,000. ఇంటివాళ్ళు పెట్టింది ఏడాదికి 160 దినాలు. దినానికి 487 రూపాయలు. మగ కూలి రేటు కంటే తక్కువే, కానీ ఉపాధి హామీలో ఆ ఏడాది మన రాష్ట్రానికి పెట్టిన 300 కంటే ఎక్కువ.

ఇది అన్నీ సవ్యంగా ఉన్న ఏడాది మాట. తుపాను వచ్చి సార్వాలో ఎకరానికి ఎనిమిది బస్తాలు పోయాయనుకోండి. కౌలు బస్తాల్లో తగ్గింపు సాధారణంగా ఉండదు, పెట్టుబడి అప్పటికే పెట్టేశారు. పోయిన 32 బస్తాలూ మీ వాటా నుంచే పోతాయి: 55,200. మిగిలేది 23 వేలు, దినానికి 143. దిగుబడిలో తగ్గింది పదోవంతు, మీ రాబడిలో పోయింది మూడింట రెండు వంతులు పైన. కౌలు వరి స్వభావమే అంత. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం పాటించింది కూడా ఇలాంటి లెక్క కుదరకే.

మద్దతు ధర మాత్రం ధరలతో పాటే నడిచింది. 2017–18లో 1,550 ఉన్నది 2024–25కి 2,300, అంటే 48 శాతం. కాబట్టి ధాన్యం ధర పెరగలేదన్నది పూర్తి నిజం కాదు. తేడా వస్తున్నది కౌలులో, కూలిలో, ఇంకా కల్లంలో. కల్లం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అక్కడ పోయే డబ్బు ఎవరూ రాయరు. మిషను కోసిన ధాన్యం 24 శాతం తేమతో వచ్చిందనుకోండి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాకా ఒప్పుకుంటారు. 24 నుంచి 17కి ఆరితే బరువు ఎంత తగ్గాలి? 76ను 83తో భాగిస్తే 0.916. అంటే 75 కిలోల పచ్చి బస్తా ఆరితే 68.7 కిలోలు. న్యాయంగా తగ్గాల్సింది 6.3 కిలోలు. కల్లంలోనే పచ్చిది కొనే వ్యాపారి తొమ్మిది, పది కిలోలు తీస్తున్నాడంటే మూడు కిలోలు మీవి పోతున్నాయి, బస్తాకు దాదాపు 70 రూపాయలు. మీ వాటా 180 బస్తాల మీద 12 వేల పైచిలుకు. ఇంట్లో ఇంతమంది మగవాళ్ళుండి, రెండు రోజుల ఎండ ఉంటే, ఆరబోసుకోవడమే లాభం. వానముసురులో మాత్రం పచ్చిదే తోసేయండి, మొలకొస్తే అదీ ఉండదు. సార్వాకు ముందు ఆ వ్యాపారి దగ్గరే పెట్టుబడి తెచ్చుకుని ఉంటే తరుగు మీద మాట్లాడే నోరు ఉండదు. కాబట్టి అప్పు ఒకరి దగ్గర, అమ్మకం ఇంకొకరికి ఉండేలా చూసుకోండి. కౌలుకార్డు ఉంటే బ్యాంకు పంట రుణం అడగవచ్చు. భూయజమాని సంతకం దగ్గరే చాలామందికి ఆగిపోతుంది. భూమి హక్కుకు దానితో ఏ సంబంధమూ లేదని ఆయనకు నచ్చజెప్పి, కౌలు మాట్లాడుకునే రోజునే ఆ సంతకం కూడా మాట్లాడుకోవాలి, తర్వాత కాదు.

కొబ్బరి గురించి ఎక్కువ చెప్పను. అరవై చెట్లు, ఏడాదికి 5,500 కాయలు, వెయ్యి 12,000 చొప్పున 66,000. దింపు, ఎరువు, చెట్ల పాదుల పని 22,000 పోతే 44,000. ఇంటివాళ్ళ పని ఇరవై దినాలు. దినానికి 2,200 అని సంబరపడకండి, అది భూమి సంపాదన, మీ కష్టం సంపాదన కాదు. ఆ ఎకరాన్ని ఎవరికైనా కౌలుకిచ్చినా అందులో పెద్ద భాగం ఇంట్లో కూర్చునే వస్తుంది. 2025లో వెయ్యి కాయలు 20,000 దాటాయని దాన్ని రాబోయే ఏళ్ళకు కూడా లెక్క కట్టకండి. ఏడెనిమిది వేలకు అడిగేవాడు లేని రోజులూ ఉన్నాయి. సర్పిలాకార తెల్లదోమ తగిలిన తోటలో కాయ తగ్గాక ధర పెరిగి ఏం లాభం? కొబ్బరికి ఒక్క ఏడాది అంకె వేయకూడదు, ఐదేళ్ళ సగటు వేయాలి.

గేదెలు మీ ఇంట్లో బాగానే సంపాదిస్తున్నాయి, ఆ సంగతి మీకు తెలిసినట్టు లేదు. రెండూ కలిపి వట్టిపోయిన రోజులు పోను ఏడాదికి 3,000 లీటర్లు అనుకుంటే, రోజుకు రెండు లీటర్లు ఇంటికే పోతాయి. అమ్మింది 2,270 లీటర్లు, 55 చొప్పున 1,24,000 చిల్లర. ఇంట్లో తాగిన 730 లీటర్ల విలువ 40,000, దీన్ని మీరు తొమ్మిది లక్షల్లో కలపలేదు. గడ్డి సొంత వరిగడ్డే కాబట్టి దాణా, మందులు, సూదులు 80,000. మిగిలేది 84,000, 137 దినాలు, దినానికి 613. మొత్తం పిన్ని కష్టం. ఇక్కడ నష్టం వచ్చేది ఎద తప్పిపోవడంలో. గేదెకు ఎద 21 రోజులకొకసారి వస్తుంది, ఎండాకాలంలో అరవకుండా, గొడవ చేయకుండా మూగగా వస్తుంది, అదీ ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున. ఒకసారి కనిపెట్టలేకపోతే 21 రోజుల మేత దండగ, గేదెకు రోజుకు 110 చొప్పున 2,300. ఈతకు ఈతకు మధ్య 14, 15 నెలలు పట్టాల్సింది 18 నెలలకు సాగితే ఆ ఏడాది 84,000 కాస్తా బాగా తగ్గిపోతుంది. ఈనిన తేదీ, కృత్రిమ గర్భధారణ సూది వేయించిన తేదీ క్యాలెండరు మీద రాయండి. సూది వేయించాక 20, 21, 22 రోజుల్లో తెల్లవారుజామున ఒకరు లేచి చూడండి. మూడు నెలలకు డాక్టరు చేత చూడి పరీక్ష చేయించండి. ఎనిమిది మంది పెద్దవాళ్ళున్న ఇంట్లో ఈ పనికి మనిషి లేడనడానికి వీల్లేదు.

ఇప్పుడు పూతరేకులు. మీ లెక్కలో అన్నిటికంటే పెద్ద బొక్క ఇక్కడే ఉంది.

అమ్మ, మీ భార్య, మరదలు ముగ్గురూ ఏడాదికి 250 రోజులు, రోజుకు ఆరు గంటల చొప్పున కుండ దగ్గర కూర్చుంటే 562 దినాలు. మీ ఇంట్లో ఏ పనికీ ఇన్ని దినాలు పడటం లేదు. వచ్చింది 1,60,000, బియ్యం, ఎండుటాకు, గుడ్డలు, కుండలు 50,000 పోతే 1,10,000. దినానికి 196 రూపాయలు. ఊళ్ళో ఊడ్పులకు వెళ్ళే ఆడకూలి ఇంతకు రెట్టింపు తెచ్చుకుంటుంది. మీరు ఇది నష్టమని ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే ఆడవాళ్ళకు మీరు కూలి ఇవ్వరు. దుకాణదారు మాత్రం ఆ కూలి లేకుండానే రేకు కొంటున్నాడు. పెద్ద కుటుంబం చవగ్గా సరుకు ఇవ్వగలదని బయట అనుకునేది ఇందువల్లే.

బాగుచేసే మార్గాలు ఉన్నాయి. మొదట ఎన్ని రేకులు విరిగి పాడవుతున్నాయో కొలవండి. నీళ్ళలా పలచని పిండిలో గుడ్డ ముంచి బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. మంట ఎక్కువైతే మాడి ముక్కలవుతుంది, తగ్గితే కుండకు అంటుకుంటుంది, పిండి చిక్కనైతే మందంగా వచ్చి మడత దగ్గర పెళుసుగా తెగుతుంది. వంద లాగితే అమ్ముడయ్యేవి ఎన్నో ఒక వారం పాటు రాయండి, ముగ్గురివీ విడివిడిగా. నూటికి పది కంటే ఎక్కువ పోతుంటే ముందు మంట, పిండి సరిచేయండి, అమ్మకం సంగతి తర్వాత. రెండో పని, రేకుల్లో మూడోవంతు మాత్రం మీరే నెయ్యి, పంచదార వేసి చుట్టి డబ్బాల్లో అమ్మడం. మొత్తం ఒకేసారి మార్చకండి. నెయ్యి, జీడిపప్పు పెట్టుబడి ముందే పెట్టాలి, దుకాణాలు అరువు పెడతాయి, మిగిలింది తిరిగొస్తుంది, వానాకాలంలో రేకు మెత్తబడుతుంది, బెల్లంవి పంచదారవాటికంటే ముందే చెమ్మగిల్లుతాయి. సంక్రాంతి, పెళ్ళిళ్ళ నెలల్లో మొదలుపెట్టి, ఆషాఢంలో మళ్ళీ ఉత్త రేకులకే రావడం మేలు. మీ అంత చిన్న వ్యాపారానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చాలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు డబ్బా మీద వేసుకోవాలంటే అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి, ఊరు పేరు ఉంది కదా అని అచ్చు వేయించేయకండి. పొదుపు సంఘంలో ఆడవాళ్ళుంటే చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం రాయితీ, పది లక్షలకు మించకుండా, ఇచ్చే పద్ధతి 2025–26 దాకా పెట్టారు. వెలుగు కార్యాలయంలో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కుని దిగండి. రాయితీ కోసం మాత్రం మిషన్లు కొనకండి.

మూడో మార్గం చెప్తే ఇంట్లో పెద్దవాళ్ళకు నచ్చకపోవచ్చు: రేటు పెంచని దుకాణానికి ఆరు గంటలు కాకుండా నాలుగు గంటలే తీయడం. దినానికి 196 వచ్చే పనిని తగ్గిస్తే ఇంటికి పోయేది తక్కువ, ఆ గంటలు మూడో గేదె మీద పెడితే వచ్చేది ఎక్కువ.

ఆటో: వచ్చింది 2,40,000, డీజిలు, రిపేర్లు, బీమా, టైర్లు 1,05,000. మిగిలిన 1,35,000 చూసి బాగుందనుకుంటారు. కానీ బండి ఏటా 40,000 అరుగుతోంది, ఆరేడేళ్ళకు కొత్తది కొనాలి. అది తీస్తే 95,000, 280 రోజులు, రోజుకు 340. వాయిదాల్లో వడ్డీ ఇంకా ఉంటే అదీ తీసేయండి. వాయిదాల్లో అప్పు అసలు కింద పోయేది మాత్రం ఖర్చులో కలపకండి, అరుగుదల ఒకసారి తీశాక మళ్ళీ అసలు తీస్తే రెండుసార్లు తీసినట్టు. ఆటోలో పోయేదంతా ఖాళీ తిరుగు ప్రయాణంలో పోతుంది. నెల రోజులు మీటరు అంకె రాసి, బరువుతో తిరిగిన కిలోమీటర్లు, ఖాళీగా తిరిగినవి విడగొట్టండి. సగం కంటే ఎక్కువ ఖాళీగా ఉంటే రావులపాలెం అరటి మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు వచ్చేటప్పటి కిరాయి ముందే ఫోనులో మాట్లాడుకుని బయల్దేరడం ఒక్కటే దారి. కిరాయి రేటు పెంచడం మీ చేతిలో లేదు.

అన్నీ కూడితే: 78, 44, 84, 110, 95 వేలు. 4,11,000. మీ తొమ్మిది లక్షల అసలు రూపం ఇది. పదకొండు మందికి పంచితే మనిషికి నెలకు 3,100. పనిదినాలు మొత్తం 1,159, దినానికి సగటు 355. వ్యవసాయ కుటుంబాల మీద 2018–19కి ప్రభుత్వం చేసిన సర్వేలో నెల ఆదాయం 10,218 అని తేలింది. ఇంటివాళ్ళ శ్రమకూ, సొంత వస్తువులకూ విలువ కట్టి తీస్తే అదే 8,337 అయింది. ఇంకో సంగతి, 2012–13లో ఆ కుటుంబాలకు పంట మీద 3,081, కూలి జీతాల మీద 2,071 వస్తే, 2018–19కి పంట 3,798 దగ్గరే ఆగింది, జీతం, కూలి 4,063 అయి దాన్ని దాటేసింది. ఇంట్లో ఒకరు బయట జీతానికి వెళ్ళడం అనేది ఇప్పుడు రైతు కుటుంబం ఓడిపోయిందనడానికి గుర్తు కాదు, ఆదాయంలో పెద్ద ముక్క అదే.

ఇక తమ్ముడి విషయం. ఇక్కడ సగటు చూడకూడదు. ఒక మనిషి ఇంట్లోంచి వెళ్తే ఎంత తగ్గుతుందో చూడాలి. పైన లెక్క మళ్ళీ చూడండి. వరి, కొబ్బరి కలిపి 180 దినాల పని. దాన్ని నాన్న, బాబాయి, మీరు ముగ్గురు పంచుకుంటున్నారు. మనిషికి ఏడాదికి అరవై దినాలు! రోజూ ముగ్గురూ చేలోకి వెళ్ళి వస్తారు కాబట్టి ఎవరూ ఖాళీగా ఉన్నట్టు కనిపించరు, పని మాత్రం ఒక్క మనిషికి ఏడాదంతా సరిపడేంత కూడా కాదు. కాబట్టి అసలు మిగులు మనిషి తమ్ముడు కాదు, మీరు. ఏమీ అనుకోకండి, అంకెలు అలా ఉన్నాయి. తమ్ముడు వెళ్తే ఆటో మీరు తీసుకుంటారు, దాని రాబడి ఎక్కడికీ పోదు. చేను నాన్న, బాబాయి చూసుకుంటారు. ఊడ్పులప్పుడు, మాసూళ్ళప్పుడు మాత్రం ఇద్దరికి ఊపిరాడదు, ఇరవై కూలి దినాలు బయటి నుంచి తెచ్చుకోండి, 800 చొప్పున 16,000. ఇంటికి తగ్గేది అంతే. ఆటోకి మీ ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు సరిపోతుంది, 7,500 కిలోల లోపు రవాణా బండ్లకు వేరే అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. బీమా కాగితం మాత్రం అమల్లో ఉందో లేదో చూసుకోండి.

అటు 18,000 జీతంలో పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 135 పోతే చేతికి 16,000. నలుగురితో గది పంచుకుని, తిండి, ఛార్జీలు కలిపి 11,500 అవుతాయనుకుంటే నెలకు 4,500 పంపగలడు, ఏడాదికి 54,000. కూలి 16,000 తీసినా ఇంటికి 38,000 మిగులు, అతని తిండి ఖర్చు ఇంట్లో తగ్గడం అదనం, పీఎఫ్ అతని పేరున పెరగడం అదనం. ఈఎస్ఐ ఉంటే భార్యాబిడ్డలతో పాటు అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం వర్తిస్తుంది. చేరేముందు ఒకటి అడగమనండి: 18,000 అనేది కంపెనీ పెట్టే మొత్తం ఖర్చా, పేస్లిప్ మీది జీతమా? మొదటిదైతే యజమాని పీఎఫ్ వాటా కూడా అందులోంచే పోయి, చేతికి 14,000 అటూ ఇటూనే వస్తుంది, మీకు పంపేది రెండు వేలో మూడు వేలో.

మరదలు కూడా వెళ్ళేట్టయితే లెక్క వేరు. ఇంటద్దెతో అతను పంపేది సున్నా అవుతుంది. పూతరేకుల్లో ఒక మనిషి వంతు 37,000 తగ్గుతుంది. అయినా వద్దనడానికి ఇది కారణం కాదు, వాళ్ళ ఖర్చు ఇంటి మీద ఉండదు కదా. మొదటి ఆరు నెలలు ఒక్కడే వెళ్ళి, ఉద్యోగం కుదురుకున్నాక తీసుకెళ్తే రెండు వైపులా ఇబ్బంది ఉండదు. పంపిన డబ్బు నాన్న పెట్టెలో కలిసిపోకుండా విడిగా రాయండి. ఉమ్మడి కుటుంబాలు విడిపోయేది డబ్బు తక్కువై కాదు, ఎవరిది ఎంతో రాసి లేక. పిన్ని గేదెల డబ్బు కూడా ఆవిడ ఖాతాలోకే పాలకేంద్రం నుంచి పడేట్టు మార్పించండి.

పన్ను గురించి భయం వద్దు. వరి, కొబ్బరి వ్యవసాయ ఆదాయం కిందికొస్తాయి. పాలు, రేకులు, ఆటో వ్యాపారం కిందికొస్తాయి కానీ మీ అంకెలకు పన్ను పడదు. సరుకు అమ్మకానికి జీఎస్టీ హద్దు మన రాష్ట్రంలో 40 లక్షలు, మీరు దాని దరిదాపుల్లో లేరు. అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ లాంటివి వస్తుంటే వాటిని రాబడి గళ్ళలో కలపకండి, పక్కన విడిగా రాయండి. లేకపోతే ఏ పని నష్టంలో ఉందో ఆ డబ్బు కప్పేస్తుంది.

చివరగా చెరువు. ఎకరానికి 1,20,000 వనామి రొయ్య పిల్ల వేస్తే, 75 శాతం బతికి 40 కౌంటుకు, అంటే కిలోకు 40 రొయ్యలు తూగేట్టు, వస్తే రెండు టన్నుల పైన సరుకు. దానికి మూడు టన్నుల మేత, అదే మూడు లక్షలు. పిల్ల, కరెంటు, డీజిలు, మందులు, కౌలు కలిపితే ఎకరానికి ఐదున్నర లక్షలకు తక్కువ కాదు. కిలోకి 240, 250 ఖర్చు. అంతా బాగుంటే లాభం ఉంది, కాదనను. కానీ యాభై, అరవై రోజుల్లో తెల్లమచ్చ రోగం వస్తే 100 కౌంటులోనే పట్టేయాలి. 900 కిలోలకు రెండు లక్షలు వస్తే, అప్పటికే మూడు లక్షలు పెట్టి ఉంటారు. రెండెకరాలకు రెండు లక్షల నష్టం, అంటే మీ ఇంటిల్లిపాది ఏడాది కష్టంలో సగం. ఈహెచ్‌పీ అనే ఇంకో రొయ్యల రోగం వస్తే చావు కనిపించదు, మేత తింటూ ఎదుగు ఆగిపోతుంది, నష్టం ఇంకా పెద్దది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతులు పడ్డ తిప్పలు చూశారు కదా. ఇంట్లో మనుషులున్నారన్నది రొయ్యకు బలం కాదు. ఆ పనిలో కూలి ఖర్చు చాలా చిన్నది, మేత, కరెంటు, పెట్టుబడే అంతా. మీ దగ్గర మిగులు ఉన్నది చేతులు, డబ్బు కాదు. మూడో గేదెకు, డబ్బాల పూతరేకులకు కావాల్సింది ఆ చేతులే. మంచి మూడో గేదెకు లక్ష అటూ ఇటూ అవుతుంది, డ్వాక్రా రుణంలోనే సర్దుకోవచ్చు. కొనేముందు వరుసగా రెండు రోజులు, రెండు పూటలా మీ కళ్ళముందే పిండించి చూడండి. రెండో ఈతో, మూడో ఈతో అయ్యుండాలి, పళ్ళు చూసే మనిషిని వెంట తీసుకెళ్ళండి.